పొమేరేనియన్, చివావా: ఏది చిన్నది? కాటా, టేపు పెట్టి చూద్దాం

అందరికీ నమస్కారం. ఈ రోజు విజయవాడ పటమటలో మా ఫ్రెండ్ వాళ్ళింట్లో ఉన్నాం. ఎడమవైపు బొచ్చుతో గుండ్రంగా ఉన్నది పొమేరేనియన్, పేరు లడ్డూ. కుడివైపు పెద్ద చెవులు, సన్నటి కాళ్ళు ఉన్నది చివావా, పేరు చిన్ను. రెండూ ఎదిగిన కుక్కలే, ఇక పెరగవు. చూడగానే ఏది పెద్దదంటారు? లడ్డూనే అంటారు కదా. కొలిచి చూద్దాం.

ముందు బరువు. ఇంత చిన్న కుక్కకి వంద గ్రాములు కూడా లెక్కే, అందుకని కిరాణా కొట్లో వాడే డిజిటల్ కాటా తెచ్చాం. పైన తువ్వాలు వేసి, సున్నా చేసి, లడ్డూని కూర్చోబెడుతున్నా... కదలకు నాన్నా... 2 కిలోల 300 గ్రాములు. ఇప్పుడు చిన్ను... 2 కిలోల 400. చూశారా, సన్నగా కనిపించేదే ఎక్కువ తూగింది!

లడ్డూ పెద్దగా కనిపించడం అంతా బొచ్చు మహిమ. పొమేరేనియన్‌కి రెండు పొరల బొచ్చు. లోపలి పొర దూదిలా దట్టంగా ఉండి పై వెంట్రుకల్ని నిక్కబొడుచుకునేలా నిలబెడుతుంది. ఇదిగో, వేళ్ళు లోపలికి పోనిస్తే అసలు ఒళ్ళు ఎక్కడుందో చూడండి. స్నానం చేయించినప్పుడు చూస్తే ఇదేనా మన లడ్డూ అనిపిస్తుంది.

ఇక ఎత్తు. తల దాకా కొలవకూడదు. మెడ అయిపోయి వీపు మొదలయ్యేచోట, భుజాల మధ్య చేతికి ఎత్తుగా తగులుతుంది. నేల నుంచి అక్కడి దాకా, బొచ్చు అణిచిపెట్టి కొలవాలి. లడ్డూ 18 సెంటీమీటర్లు, చిన్ను 20.

కుక్కల జాతులకి ప్రమాణాలు పెట్టే అమెరికన్ కెన్నెల్ క్లబ్ లెక్కలో పొమేరేనియన్ 3 నుంచి 7 పౌండ్లు, అంటే దాదాపు 1.4 నుంచి 3.2 కిలోలు. ఎత్తు 6, 7 అంగుళాలు. చివావా 6 పౌండ్లు దాటకూడదు, అంటే 2.7 కిలోలు. ఎత్తు 5 నుంచి 8 అంగుళాలు. కాబట్టి చివావా బరువులో తక్కువ జాతే అయినా, భుజం దగ్గర పొమేరేనియన్ కన్నా ఎత్తుగా ఉండొచ్చు. "చివావా అంటే ప్రపంచంలోకెల్లా చిన్న కుక్క" అన్న మాట విని ప్రతి చివావా ప్రతి పామ్ (పొమేరేనియన్) కన్నా చిన్నదే అనుకోకండి.

ఇక్కడొక మాట గట్టిగా చెప్పాలి. మన ఊళ్ళో చిన్నప్పటి నుంచి "పామ్" అని పిలిచిన తెల్ల కుక్కల్లో చాలా వరకు ఇండియన్ స్పిట్జ్ అనే వేరే జాతివే. చిన్న రకం స్పిట్జ్ కూడా 5 నుంచి 7 కిలోలు ఉంటుంది, మూతి కాస్త పొడుగు. మంచి కుక్క, తెలివైనది, మన ఎండలకి బాగా అలవాటు పడింది. కానీ పొమేరేనియన్ ధర చెప్పి స్పిట్జ్ పిల్లని అమ్మితే మాత్రం అన్యాయం. పిల్లగా ఉన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి, అందుకే తల్లిని చూపించమనండి, వీలైతే తండ్రిని కూడా. ఇలాంటి కాటా మీదే తల్లిని తూచమనండి. ఆరు కిలోల తల్లికి పుట్టిన పిల్ల ఎదిగి రెండు కిలోల పామ్ అవ్వదు.

"టీకప్" అని, అంటే టీ కప్పులో పట్టేంత చిన్నదని చెప్పి అమ్మేవాళ్ళ దగ్గర ఇంకా జాగ్రత్త. అమెరికన్ కెన్నెల్ క్లబ్ ప్రమాణాల్లో అలాంటి రకమే లేదు. మరీ చిన్న కుక్కపిల్లలు ఒక్క పూట తిండి తప్పినా రక్తంలో చక్కెర పడిపోయి వణుకుతాయి, స్పృహ కూడా తప్పొచ్చు. నాకు దీని గురించే ఎక్కువ బాధ. ముద్దుగా ఉందని తెచ్చుకుంటారు, రాత్రికి రాత్రి డాక్టర్ దగ్గరికి పరుగెత్తాల్సొస్తుంది.

లడ్డూ అయినా చిన్ను అయినా ముందుకాళ్ళ ఎముకలు చాలా సన్నం. సోఫా మీంచి, పిల్లల చేతుల్లోంచి దూకితే విరగొచ్చు. మెడకి బెల్టు బదులు ఛాతీకి వేసే హార్నెస్ వాడండి, ఈ జాతుల్లో శ్వాసనాళం నొక్కుకుపోయే సమస్య ఉంటుంది. మే నెలలో లడ్డూని ఎండ పడకముందే నడిపించాలి. అలాగని బొచ్చు గుండు చేయించకండి, సరిగ్గా తిరిగి రాకపోవచ్చు.

మీ ఇంట్లో పామ్ ఉంటే ఇప్పుడే టేపు తీసి, భుజం దాకా ఎత్తు, కాటా మీద బరువు చూసి కింద రాయండి. మూతి పక్క నుంచి కనిపించేలా ఒక ఫోటో తీసి మీ దగ్గర ఉంచుకోండి, వచ్చే వీడియోలో స్పిట్జ్‌నీ పామ్‌నీ పక్కపక్కన పెట్టి చూపిస్తాను.