రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ రెట్రో కిట్ రివ్యూ: వైఫై దగ్గరే రెండు రాత్రులు పోయాయి

నమస్తే అండి. ఈ కిట్ నేను కొన్నది కాదు, ఆన్‌లైన్‌లో అమ్మే ఒక షాపు వాళ్లు రివ్యూ కోసం ఉచితంగా పంపారు. డబ్బులేమీ తీసుకోలేదు, వీడియో వాళ్లకు ముందుగా చూపించనూ లేదు. పాత వీడియో గేములు టీవీలో ఆడుకునే కిట్ ఇది. లోపల ఉన్నది రాస్ప్‌బెర్రీ పై జీరో 2 డబ్ల్యూ అనే చిన్న కంప్యూటర్ బోర్డు. స్పెక్స్ మీరు ఈపాటికే ఎక్కడో చూసి ఉంటారు, వాటి జోలికి పోను. ఈరోజంతా వైఫై గురించే.

మెమరీ కార్డులో రెట్రోపై, అంటే పాత గేములు నడిపే సాఫ్ట్‌వేర్, ముందే వేసి ఇచ్చారు. టీవీకి పెట్టి, గేమ్‌ప్యాడ్ బటన్లు సెట్ చేసేసరికి పది నిమిషాలు. ఇక మెనూలో వైఫై తెరిస్తే పక్కింటి వాళ్లది, ఎదురింటి వాళ్లది, కింద ఫ్లోర్ వాళ్లది, అన్నీ వరసగా కనిపించాయి. మా ఇంటిది మాత్రం లేదు! రౌటర్ అదే హాల్లో, టీవీ పక్కనే ఉంది. ఫోన్‌లో సిగ్నల్ ఫుల్.

వైఫై 2.4, 5 గిగాహెర్ట్జ్ అని రెండు బ్యాండ్లలో వస్తుంది కదా, ముందు 5 మీద అనుమానం వచ్చింది. ఈ బోర్డు 2.4 మాత్రమే పట్టుకుంటుంది. మీ రౌటర్‌లో 2.4 ఆపేసి ఉంటే ఎంత వెతికినా దొరకదు. మా ఇంట్లో అది ఆన్‌లోనే ఉంది. తర్వాత ఛార్జర్ మార్చాను. కరెంటు చాలకపోతే స్క్రీన్ మూల మెరుపు గుర్తు వచ్చే సదుపాయం జీరో బోర్డుల్లో లేదు, అందుకే మార్చి చూశాను. అయినా లాభం లేకపోయింది. రాత్రి ఒంటి గంటకు అలాగే వదిలేసి పడుకున్నాను.

రెండో రాత్రి రౌటర్ పేజీ తెరిచి చూస్తే అప్పుడు దొరికింది. ఛానెల్ (బ్యాండ్‌లో రౌటర్ వాడే భాగం నంబరు) ఆటోలో ఉంది, అది వెళ్లి 13లో కూర్చుంది. మన దేశంలో 2.4 బ్యాండ్‌లో 1 నుంచి 13 దాకా వాడుకోవచ్చు. అమెరికాలో రౌటర్లు మామూలుగా 11 దగ్గరే ఆగిపోతాయి. ఈ కార్డు తయారుచేసిన వాళ్లు దేశం అమెరికా అని పెట్టి వదిలేశారు. దాంతో బోర్డు 12, 13 ఛానెళ్ల వైపు చూడనే చూడదు. పక్కిళ్ల వాళ్లవి 1లోనో 6లోనో ఉన్నాయి కాబట్టి అవి కనిపించాయి.

సరిచేయడానికి అర నిమిషం పట్టింది. రెట్రోపై మెనూలో రాస్పీ-కాన్ఫిగ్, అందులో లోకలైజేషన్ ఆప్షన్స్, అందులో డబ్ల్యూలాన్ కంట్రీ. ఇండియా ఎంచుకుని రీస్టార్ట్ చేయండి. ఇండియాలో అమ్మే కిట్‌లో ఈ పని షాపు వాళ్లే చేసి పంపాలి. మొదటిసారి కొన్నవాళ్లు బోర్డు పాడైందనుకుని వెనక్కి పంపేస్తారు. నాకు కోపం వచ్చింది అందుకే.

ఇక పాస్‌వర్డ్. కీబోర్డు పెట్టాలంటే దీనికున్నది ఒకే ఒక డేటా పోర్టు, అదీ మైక్రో యూఎస్‌బీ. నాకు 2015లో వచ్చిన మొదటి జీరో గుర్తొచ్చింది. దానికి వైఫైయే లేదు. ఓటీజీ కేబులు, దానికి హబ్, హబ్‌కి వైఫై డాంగిల్, పక్కన గేమ్‌ప్యాడ్. టేబుల్ మీద బోర్డు కనపడేది కాదు, వైర్లే కనపడేవి. ఇప్పుడు ఆ బాధ లేదు. రెట్రోపైలో నాకు బాగా నచ్చిన సదుపాయం ఇదే: కార్డును కంప్యూటర్లో పెట్టి, బూట్ భాగంలో వైఫైకీఫైల్ డాట్ టీఎక్స్‌టీ అని ఒక ఫైలు చేయండి. స్పెల్లింగ్ స్క్రీన్ మీద వేస్తున్నాను, అన్నీ చిన్నక్షరాలే. మొదటి లైన్లో ఎస్ఎస్ఐడీ, రెండో లైన్లో పీఎస్‌కే, అంటే వైఫై పేరు, పాస్‌వర్డ్, రెండూ డబుల్ కోట్స్‌లో. కార్డు తిరిగి బోర్డులో పెట్టాక వైఫై మెనూలో ఇంపోర్ట్ నొక్కితే చాలు, కీబోర్డు అక్కర్లేదు. ఒక్క జాగ్రత్త: విండోస్‌లో ఫైలు పేరు చివరి భాగం దాచి ఉంటే టీఎక్స్‌టీ రెండుసార్లు పడుతుంది. అప్పుడు ఇంపోర్ట్ అవ్వదు.

కనెక్ట్ అయ్యాక మాత్రం ప్రాణం లేచొచ్చింది. కంప్యూటర్లోంచే రెట్రోపై ఫోల్డర్ తెరిచి, నా పాత క్యాసెట్ల నుంచి నేనే తీసుకున్న ఫైళ్లు అందులో వేశాను. గేముల బొమ్మలు నెట్ నుంచి తెచ్చే స్క్రేపర్ నడిపితే ఒక్కొక్క గేముకి అట్ట బొమ్మ వచ్చి చేరింది. చిన్నప్పుడు వేసవి సెలవుల్లో అద్దెకు తెచ్చుకున్న క్యాసెట్‌కి అట్టపెట్టె కూడా ఉండేది కాదు, మాసిపోయిన స్టిక్కర్ మాత్రమే. కాంట్రా పెట్టె బొమ్మ నేను మొదటిసారి సరిగ్గా చూసింది ఇక్కడే. వెంటనే మా అన్నయ్యకు ఫోటో పంపాను. ఆదివారం వచ్చి మధ్యాహ్నం భోజనం కూడా మర్చిపోయి ఆడాడు.

ఎన్‌ఈఎస్, సెగా, గేమ్‌బాయ్ హాయిగా నడుస్తాయి. నింటెండో 64 మీద మాత్రం పెద్దగా ఆశ పెట్టుకోకండి.

నా మాట ఇదీ. బోర్డు కొనండి, నాకు చాలా నచ్చింది. ఈ కిట్ మాత్రం ఇప్పుడు వద్దు. బోర్డు విడిగా తీసుకుని, కార్డులో రెట్రోపై మీరే వేసుకుని, దేశం ఇండియా అని మొదటే పెట్టుకోండి. షాపు వాళ్లకు ఈ సంగతి మెయిల్ చేశాను. వాళ్లు మార్చి పంపుతున్నారని తెలిసిన రోజు కింద డిస్క్రిప్షన్‌లో రాస్తాను.