టపాసు కంటికి తగిలిన తొలి నిమిషాలు

సభకు నమస్కారం. దీపావళి రాత్రి హైదరాబాదులోని సరోజినీదేవి కంటి ఆసుపత్రికి ఏటా వచ్చే క్షతగాత్రులలో టపాసులు కాల్చినవారే కాక, పక్కన నిలబడి చూసిన పిల్లలు, దారిన పోయేవారు కూడా ఉంటారు. కనుక, మేము కాల్చము, చూస్తాము అంతే అనేవారికీ ఈ మాటలు వర్తిస్తాయి.

చాలా ప్రమాదాలు వెలగని చిచ్చుబుడ్డి దగ్గరే జరుగుతాయి. వత్తి అంటుకుని, కాస్త పొగ వచ్చి ఆగిపోగానే, తుస్సుమందనుకుని పిల్లవాడు దానిపైకి వంగి ఊదుతాడు; సరిగ్గా అప్పుడే లోపలి మందు అంటుకుంటుంది. అలాంటిదాన్ని మళ్లీ వెలిగించకుండా, కొంతసేపు ఆగి, దూరం నుంచే నీళ్లు కుమ్మరించాలి. ఇక కాకరపువ్వొత్తి కొస వేడి దాదాపు 1000 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. పసిపిల్లల చేతికి మనం మొట్టమొదట ఇచ్చేది అదే కావడం నాకు ఎప్పుడూ వింతగానే తోస్తుంది. సుప్రీంకోర్టు 2018లో అనుమతించిన హరిత టపాసులు కాలుష్యాన్ని తగ్గించేవే తప్ప కంటికి రక్షణ ఇచ్చేవి కావు. మామూలు కళ్లజోడు కూడా చాలదు. పక్కలు మూసి ఉండే పాలికార్బనేట్ (సులువుగా పగలని గట్టి ప్లాస్టిక్) అద్దాలు కావాలి.

గాయం తగిలాక ఇంట్లో చేసే వైద్యమే ఒక్కోసారి ఎక్కువ చేటు చేస్తుంది. కన్ను నలపడం, ఆముదమో చనుబాలో పోయడం, గుడ్డతో గట్టిగా కట్టడం ఎంతమాత్రం తగవు. దెబ్బ ఏదీ తగలక, మందుపొడి మాత్రమే పడి మండుతుంటే, శుభ్రమైన నీటితో పదిహేను నిమిషాలకు తగ్గకుండా కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. దెబ్బ తగిలి రక్తం వచ్చినా, చూపు మసకబారినా, ఏదైనా గుచ్చుకున్నా కడగకూడదు, గుచ్చుకున్నదాన్ని లాగకూడదు. కంటికి ఆనకుండా ఒక కాగితపు కప్పును ఎముక అంచులపై నిలిచేలా అతికించి, వెంటనే బయలుదేరాలి. శస్త్రచికిత్సకు మత్తు ఇవ్వవలసి రావచ్చు కనుక దారిలో ఏమీ తినిపించకూడదు.

నొప్పి తగ్గింది కదా అని తెల్లవారేదాకా ఆగవద్దు. పైకి ఎర్రదనం మాత్రమే కనిపించే కంటిలోనూ కార్నియా, అంటే కంటి ముందుండే పారదర్శకమైన పొర, వెనుక రక్తం చేరి ఒత్తిడి పెరుగుతూ ఉండవచ్చు. అంతేకాక, బలమైన దెబ్బ తిన్న కంటికి కొన్నేళ్ల తరువాత కూడా నీటికాసులు (గ్లాకోమా, కంటిలో ఒత్తిడి పెరిగి చూపు నరం దెబ్బతినే జబ్బు) రావచ్చు. అందుచేత గాయం మానినా ఏడాదికొకసారి కంటి ఒత్తిడిని పరీక్ష చేయించుకోవాలి.