గుణకారాన్ని వాయిదా వేయండి: కాలిక్యులేటర్ లేకుండా పదో తరగతి లెక్కలు

గణిత ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు నమస్కారం. ముందు వరసల్లో కూర్చున్న పదో తరగతి పిల్లలూ, ఒక పెన్ను, ఒక తెల్ల కాగితం తీసి దగ్గర పెట్టుకోండి. నేను చెప్పే లెక్కల్ని వింటూనే రాయండి. వింటే అర్థమైనట్టే ఉంటుంది, రాస్తేనే చేతికి వస్తుంది.

మన పబ్లిక్ పరీక్షలో కాలిక్యులేటర్ వాడనివ్వరు. ఆ తర్వాత రాసే పాలిసెట్‌లోనూ, జేఈఈ మెయిన్‌లోనూ అంతే. బ్రిటన్‌లో ఉన్న మనవాళ్ళ పిల్లలు రాసే జీసీఎస్ఈ గణితంలో కూడా మూడు పేపర్లలో ఒకటి కాలిక్యులేటర్ లేకుండానే రాయాలి. అయినా ఇంట్లో సాధన చేసేటప్పుడు ఫోను పక్కనే ఉంటుంది. సూత్రం రాస్తారు, విలువలు వేస్తారు, మిగతాది ఫోనుకు అప్పగిస్తారు. పరీక్ష హాల్లో ఆ మిగతాదే మీద పడుతుంది.

చేత్తో లెక్క చేయడమంటే పెద్ద పెద్ద గుణకారాలు గబగబా చేయడం అనుకుంటారు చాలామంది. నేను ఇవాళ చెప్పదలచుకున్నది దానికి పూర్తిగా వేరు. గుణించకుండా ఎంతసేపు ఉండగలరో అంతసేపు ఉండండి. బావి లెక్కతో మొదలుపెడదాం.

7 మీటర్ల వ్యాసం, 24 మీటర్ల లోతు ఉన్న బావి తవ్వారు. వచ్చిన మట్టిని 33 మీటర్ల పొడవు, 14 మీటర్ల వెడల్పు ఉన్న వేదికగా పరిచారు. వేదిక ఎత్తెంత? ఎక్కువమంది చేసే పని ఇది: 3.5 × 3.5 = 12.25. దాన్ని 24తో గుణిస్తే 294. దాన్ని 22తో గుణిస్తే 6468. 7తో భాగిస్తే 924. పక్కన 33 × 14 = 462. ఆఖరికి 924 ÷ 462. ఆరు మెట్లు. ప్రతి మెట్టులోనూ జారే వీలుంది.

ఇప్పుడు అదే లెక్కను ఒక్క భిన్నంగా రాయండి. లవంలో 22 × 3.5 × 3.5 × 24. హారంలో 7 × 33 × 14. ఏదీ గుణించకండి. 22కీ 33కీ 11 పోతే పైన 2, కింద 3. మొదటి 3.5ని 7తో కొట్టేస్తే కింద 2. రెండో 3.5ని 14తో కొట్టేస్తే కింద 4. పైన మిగిలింది 2 × 24, అంటే 48. కింద 3 × 2 × 4, అంటే 24. జవాబు 2 మీటర్లు. 924 అనే సంఖ్య మనకు కనిపించనే లేదు, దాని అవసరమూ రాలేదు.

క్షేత్రమితి లెక్కల్లో వ్యాసార్ధం 3.5, 7, 10.5, 14, 21 అని ఎందుకు వస్తుందో గమనించారా? 22/7లోని 7 పోవడానికే. ఆ ఏడును కొట్టేయకుండా ముందుకు పోతే పేపరు తయారుచేసినవారు ఇచ్చిన సాయాన్ని కాదన్నట్టే. వ్యాసార్ధం 10 లేదా 20 ఉంటే సాధారణంగా π విలువ 3.14 తీసుకోమని ప్రశ్నలోనే ఉంటుంది. 22/7 అసలు విలువకంటే కాస్త ఎక్కువ, 3.14 కాస్త తక్కువ. కాబట్టి ఒకే లెక్కలో ఒకచోట ఒకటి, మరోచోట మరొకటి వాడితే జవాబులు కలవవు.

π రెండు వైపులా ఉంటే అసలు విలువే వేయొద్దు. 6 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న గోళాన్ని కరిగించి, 2 సెంటీమీటర్ల వ్యాసార్ధం, 3 సెంటీమీటర్ల ఎత్తు ఉన్న శంకువులు చేస్తే ఎన్ని వస్తాయి? గోళం 288π, శంకువు 4π, జవాబు 72. అలాకాక 22/7 వేసి దశాంశాల్లోకి దిగితే పైన 905.14, కింద 12.57, భాగిస్తే 72.008. శంకువుల సంఖ్యకు దశాంశం ఉండదు. కానీ పిల్లవాడు అక్కడ ఆగి, ఎక్కడో తప్పు చేశాననుకుని లెక్కంతా కొట్టేసి మళ్ళీ మొదలుపెడతాడు. చేసినదాంట్లో తప్పు లేదు, తొందరపడి దశాంశంలోకి మార్చాడంతే.

వృత్తాకార పార్కు చుట్టూ బాట వేసే లెక్క కూడా ఈ కోవలోదే. లోపలి వ్యాసార్ధం 17.5 మీటర్లు, బయటి వ్యాసార్ధం 21 మీటర్లు. రెండు వర్గాలు కట్టి తీసేయకండి. వర్గాల భేదం అంటే భేదాన్ని మొత్తంతో గుణించడమే: 3.5 × 38.5. దాన్ని 22/7తో కలిపితే 3.5 కాస్తా 7తో పోయి 11 × 38.5 మిగులుతుంది, అంటే 423.5 చదరపు మీటర్లు. ఎనిమిదో తరగతిలో నేర్చుకున్న సర్వసమీకరణం పదో తరగతిలో చెమట తగ్గించేది ఇలాంటిచోటే.

శంకువు ఏటవాలు ఎత్తుకూ ఇదే దారి. వ్యాసార్ధం 10.5, ఎత్తు 14. వర్గాలు కడితే 110.25, 196, మొత్తం 306.25, దానికి వర్గమూలం కట్టాలి. అలా కాకుండా రెండింటిలోనూ 3.5 ఉందని చూడండి. 10.5 అంటే మూడు మూడున్నరలు, 14 అంటే నాలుగు మూడున్నరలు. అంటే ఇది 3, 4, 5 త్రిభుజమే. ఏటవాలు ఎత్తు ఐదు మూడున్నరలు, 17.5. కంఠతా రావలసిన పైథాగరస్ త్రికాలు ఎక్కువేం లేవు: 3-4-5, 5-12-13, 8-15-17, 7-24-25, 20-21-29.

కొట్టేయాలంటే సంఖ్య లోపల ఏముందో కనపడాలి. ఇక్కడ ఎక్కాల గురించి ఒక మాట. మన పిల్లలు పదమూడో ఎక్కం మొదటినుంచి చివరిదాకా పాటలా అప్పజెబుతారు. 91 ఏ ఎక్కంలో వస్తుందని అడిగితే ఆగిపోతారు. అప్పజెప్పడం ఒకటి, వెనక్కి చదవడం ఒకటి. 51, 57, 87, 91, 119, 133, 143, 221 చూడటానికి ప్రధాన సంఖ్యల్లా కనిపిస్తాయి, ఒక్కటీ కాదు. 51లో 17 ఉంది, 57లో 19 ఉంది, 87లో 29 ఉంది, 119లో 7, 17 ఉన్నాయి, 221లో 13, 17 ఉన్నాయి. ఇంట్లో ఎక్కాలు అడిగే తల్లిదండ్రులు ఇలా అడగండి: "119 ఎవరెవరిని గుణిస్తే వస్తుంది?" ఇరవయ్యో ఎక్కం దాకా చాలు.

లోపల ఏముందో కనపడకపోతే యూక్లిడ్ పద్ధతి ఉంది. దాన్ని గ.సా.భా. కోసం, అంటే రెండు సంఖ్యల్నీ భాగించే అతిపెద్ద సంఖ్య కోసం, నేర్చుకుని అక్కడే వదిలేస్తున్నాం. 391/527 అనే భిన్నం వచ్చిందనుకోండి. 2, 3, 5, 7తో పోదు. 527లోంచి 391 తీస్తే 136. 391లో 136 రెండుసార్లు పోయి శేషం 119. 136లోంచి 119 తీస్తే 17. 119లో 17 సరిగ్గా ఏడుసార్లు పోతుంది. కాబట్టి 17తో కొట్టేయొచ్చు: 23/31. అర నిమిషం పని.

భిన్నాన్ని దశాంశంగా మార్చమన్నప్పుడు కూడా భాగహారం మీదికి ఉరకకండి. 13/3125 అంటే హారం అయిదు ఐదుల లబ్ధం. అయిదు రెండులు జోడిస్తే హారం లక్ష అవుతుంది. పైన 13 × 32, అంటే 416. జవాబు 0.00416.

వర్గ సమీకరణాల్లో ఎక్కువ సమయం తినేది విచక్షణికి, అంటే సూత్రంలో వర్గమూలం గుర్తు కింద ఉండే సంఖ్యకు, వర్గమూలం కట్టడం. ఎక్స్ స్క్వేర్ మైనస్ 36 ఎక్స్ ప్లస్ 180 ఈక్వల్ టు సున్న. సూత్రం ప్రకారం పోతే 1296లోంచి 720 తీయాలి, 576కు వర్గమూలం కట్టాలి, మళ్ళీ 2తో భాగించాలి. మధ్య గుణకం సరిసంఖ్య అయితే వర్గాన్ని పూర్తిచేసే పద్ధతి హాయి: 36లో సగం 18. 18 వర్గం 324, అందులోంచి 180 పోతే 144, దాని వర్గమూలం 12. మూలాలు 18 ప్లస్ 12, 18 మైనస్ 12. అంటే 30, 6.

సగం చేయడం కుదరనప్పుడు వర్గమూలాన్ని రెండు కంచెల మధ్య పట్టండి. 2304 ఉందనుకోండి. 45 వర్గం 2025, 50 వర్గం 2500. చివరి అంకె 4 కాబట్టి మూలం చివర 2 గానీ 8 గానీ ఉండాలి. 45కీ 50కీ మధ్య అలాంటిది 48 ఒక్కటే. గుణించి సరిచూసుకోండి. అయిదుతో అంతమయ్యే వాటికి ఇంకా తేలిక: 7225లో చివరి 25 వదిలితే 72, అది 8 × 9, కాబట్టి మూలం 85. ఇంకొకటి గుర్తుంచుకోండి. ఏ పూర్ణవర్గమూ 2, 3, 7, 8తో అంతం కాదు. మీ విచక్షణి 7తో ముగిసి, ప్రశ్నేమో ఇద్దరు పిల్లల వయసుల గురించి అయితే, వర్గమూలం కట్టకుండా వెనక్కి వెళ్ళి తీసివేత చూడండి.

పూర్ణవర్గం కానిదానికి భాగహార పద్ధతి ఉంది, మంచిదే. అంతకంటే త్వరగా తేలేది సగటు పద్ధతి. 10 వర్గమూలం 3 అనుకోండి. 10ని 3తో భాగిస్తే 3.333. రెండింటి సగటు 3.167, అంటే 19/6. 10ని 19/6తో భాగిస్తే 60/19, అంటే 3.158. మళ్ళీ సగటు తీస్తే 3.162. రెండు విడతల్లో మూడు దశాంశ స్థానాలు సరిగ్గా వచ్చాయి.

త్రికోణమితిలో జరిగేది వేరే రకం తప్పు. సూటిగా చెబితే, √3ని తొందరగా 1.73 చేయడం. 30 డిగ్రీల ఊర్ధ్వకోణం ఉన్నచోటు నుంచి 40 మీటర్లు స్తంభం వైపు నడిస్తే 60 డిగ్రీలు అయింది, ఎత్తెంత? √3ని అలాగే ఉంచితే జవాబు 20√3. చివర్లో ఒకే ఒక గుణకారం, 20 × 1.732 = 34.64 మీటర్లు. మొదట్లోనే √3ని 1.73గా, 1/√3ని 0.58గా మార్చినవారు 40ని 1.15తో భాగించాలి. ఆ భాగహారం ఎలాగూ కష్టం. కష్టపడి చేసినా వచ్చేది 34.78. పద్నాలుగు సెంటీమీటర్లు ఎక్కువ. చిన్న చిన్న కోతలు తీసివేత దగ్గరికి వచ్చేసరికి పెద్దవైపోతాయి.

హారాన్ని అకరణీయం చేయమని తొమ్మిదో తరగతిలో ఎందుకు చెప్పారో కూడా ఇక్కడే తెలుస్తుంది. 50ని 1.732తో భాగించి చూడండి, ఎంత చికాకో. 50√3/3 చేస్తే 86.6ని 3తో భాగిస్తే చాలు, 28.87. చేత్తో చేసే లెక్క కోసమే ఆ పద్ధతి అంత బాగా నిలబడింది. ఫోనులో చేసే పిల్లలకు అది అర్థంలేని ఆచారంలా కనిపించడంలో ఆశ్చర్యం లేదు.

సాంఖ్యక శాస్త్రంలో సోపాన విచలన పద్ధతి మరీ ముఖ్యం. 40 మంది రోజు కూలీ సగటు కావాలి: 200–220 నుంచి 280–300 దాకా ఐదు తరగతులు, పౌనఃపున్యాలు 6, 9, 14, 8, 3. నేరుగా చేస్తే 210 × 6, 230 × 9 అంటూ 9860 దాకా పోవాలి. 250ని ఊహించిన సగటుగా తీసుకుని, 20 ఒక మెట్టుగా లెక్కపెడితే విచలనాలు −2, −1, 0, 1, 2. లబ్ధాలు −12, −9, 0, 8, 6, మొత్తం −7. దాన్ని 40తో భాగించి తరగతి పొడవు 20తో గుణిస్తే −3.5. సగటు 246.5 రూపాయలు. పిల్లలు ఎక్కువగా మరిచేది ఆ 20తో గుణించడం. అప్పుడు −0.175 వచ్చి సగటు 249.8 అవుతుంది. అది 250కి దగ్గరగానే ఉంటుంది కాబట్టి అనుమానం రాదు. అందుకే సరిచూసే దారి ఒకటి పెట్టుకోండి: ఊహించిన సగటును 230కి మార్చి మళ్ళీ చేయండి. లబ్ధాల మొత్తం 33, 20తో గుణించి 40తో భాగిస్తే 16.5, మళ్ళీ 246.5 వస్తుంది. 20 మరిచినవారికి ఈసారి 230.8 వస్తుంది, తప్పు బయటపడుతుంది.

ఇక చేతిలో జరిగే చిన్న తప్పులు రెండే చెబుతాను, ఎందుకంటే ఇవి చాలా మార్కులు తింటాయి. ఒకటి, భాగఫలంలో సున్న మింగేయడం. 2128 ÷ 7 = 304. 21 పోయాక 2 దించుతారు, 2లో 7 పోదు, అక్కడ సున్న వేయకుండా 8 కూడా దించి 34 అంటారు. భాగించే ముందే 2100 ÷ 7 = 300 అని పక్కన రాసుకుంటే 34 దగ్గర కన్ను ఆగుతుంది. రెండు, దశాంశ బిందువు. 0.35 × 0.24లో 35 × 24 = 840. చివరి సున్నను ముందే తీసేసి 84కి నాలుగు స్థానాలు లెక్కపెడితే 0.0084 వస్తుంది. ముందు బిందువు పెట్టాలి, తర్వాతే సున్న తీయాలి: 0.0840. పావుకు దగ్గరి దాంట్లో మూడోవంతుకు దగ్గరిది ఎంత? పన్నెండో వంతు, సుమారు 0.08. ఈ అంచనా పెన్ను పెట్టకుండానే చేయొచ్చు.

గుణకారాన్ని సరిచూడటానికి అంకెల మొత్తం వాడతారు. 11 × 42 = 462. 11కు అంకెల మొత్తం 2, 42కు 6, లబ్ధం 12, అంటే 3. 462కు 12, అంటే 3. సరిపోయింది. కానీ 426 అని అంకెలు తారుమారు చేసి రాసినా ఈ పరీక్ష ఒప్పుకుంటుంది. కాబట్టి పదకొండు పరీక్ష కూడా పెట్టండి: కుడినుంచి ఒకటి కలిపి ఒకటి తీసివేయడం. 462కు 2 − 6 + 4 = 0, అది 11తో పోతుంది, పోవాలి కూడా. 426కు 6 − 2 + 4 = 8, దొరికిపోయింది.

98 × 97 లాంటి మెరుపు చిట్కాలకు నెలలు ఖర్చుపెట్టడం నాకు సబబనిపించదు. సాధన ఇలా చేయించండి. రోజుకు పదిహేను నిమిషాలు, నాలుగు లెక్కలు. ప్రతి లెక్కకు మొదట అంచనా ఒక మూల రాయాలి. తర్వాత లెక్కంతా ఒక్క భిన్నంగా. కొట్టివేతలు అయ్యాకే గుణకారం. చిత్తు పని పేజీ కుడివైపు గీత గీసి అక్కడే చేయాలి, చెరపకూడదు. తప్పు వస్తే ఏ వరసలో వచ్చిందో వెతకడానికి అది ఉండాలి. తప్పు పక్కన దాని పేరు రాయండి: సున్న, బిందువు, గుర్తు, ప్రమాణం. రెండు వారాల తర్వాత పుస్తకం తిరగేస్తే ఏ పేరు ఎక్కువసార్లు కనపడుతుందో దాని మీదే ఆ తర్వాతి వారం పనిచేయాలి.

ఇప్పుడు కాగితం ముందుకు జరుపుకోండి. 9 సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న లోహపు గోళాన్ని కరిగించి, 3 మిల్లీమీటర్ల వ్యాసార్ధం ఉన్న తీగగా సాగదీశారు. తీగ పొడవు ఎన్ని మీటర్లు? π విలువ వేయొద్దు. తొమ్మిది ఘనం కట్టొద్దు. ముందు అంచనా రాయండి. మూడు నిమిషాలు.