సైకిల్ క్యారియర్ విరిగేది బరువుకు కాదు, ఊపుకు | కొబ్బరి బస్తాలకు నిలిచేలా ఇలా చేయించండి

నమస్కారమండీ. సోంపేట నుంచి మాట్లాడుతున్నాను. నా చేతిలో ఉన్నది మా చిన్నాన్న సైకిల్ క్యారియర్. పోయిన నెల తోట నుంచి రెండు బస్తాల కొబ్బరికాయలు వేసుకుని వస్తుంటే, కవిటి రోడ్డు మలుపులో ఎడమవైపు కడ్డీ ఇదిగో, ఇక్కడ తెగి పుల్లల్లో ఇరుక్కుంది. చక్రం టక్కున పట్టేసింది. పది రోజులు ఆయన మంచం దిగలేదు. ఉద్దానంలో ఇలా కాయలు మోసేవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు, వాళ్ల కోసమే ఈ వీడియో.

తెగిన చోటు దగ్గరగా చూడండి. కడ్డీ బరువుకు కుంగలేదు. అటూ ఇటూ ఊగి ఊగి, వెల్డింగ్ అంచున తెగింది. తీగను పదిసార్లు వంచితే తెగినట్టే. ఇంకా లావు కడ్డీ వేయించినా ఊపు ఆగకపోతే మళ్లీ అక్కడే తెగుతుంది.

మీ సైకిల్ మీద బస్తా పెట్టి, సీటు పట్టుకుని పక్కకు కదపండి. క్యారియర్ ముందు భాగం సీటు కింద ఒకే బోల్టు మీద ఉంటే, అక్కడే తిరుగుతూ కనిపిస్తుంది. ఆ ఒక్క బోల్టును నమ్ముకోవద్దు. రెండు ఇనుప పట్టీలతో క్యారియర్ ముందు భాగాన్ని, సీటు నుంచి ఇరుసుకు దిగే గొట్టాలకు కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి క్లిప్పులతో బిగించండి. క్లిప్పు కింద పాత ట్యూబు ముక్క వేస్తే జారదు. ఫ్రేముకు మాత్రం వెల్డింగ్ పెట్టించకండి, పలచటి గొట్టం కాలి చిల్లు పడుతుంది.

తర్వాత క్యారియర్ వెనక చివర నుంచి ఇరుసుకు ఏటవాలుగా రెండు వైపులా ఒక్కో 8 ఎంఎం కడ్డీ. నిలువు కడ్డీతో కలిసి త్రికోణం అవుతుంది, ముందుకీ వెనక్కీ ఊగదు. పైన మూలల్లో చిన్న రేకు ముక్కలు వెల్డింగ్ చేయిస్తే పక్క ఊపు ఇంకా తగ్గుతుంది.

ఇక అందరూ మర్చిపోయేది ఇరుసు నట్టు. స్టాండు, మడ్గార్డు కడ్డీ, క్యారియర్ అన్నీ ఆ ఒక్క ఇరుసు మీదే. కొత్త కడ్డీ చేరితే ఇరుసు మీది మరలు (థ్రెడ్లు) చాలవు, నట్టు సగమే పడుతుంది. బయట నుంచి బిగిసినట్టే ఉంటుంది, కానీ బరువుకు ఊడొస్తుంది. నట్టు దాటి రెండు మరలైనా బయటికి కనబడాలి. కనబడకపోతే పొడవు ఇరుసు మార్పించండి.

మన పెద్ద సైకిళ్ల వెనక చక్రానికి మామూలుగా 40 పుల్లలుంటాయి. ఒక్కోదాన్నీ వేలితో మీటి చూడండి, మూగగా పలికేది వదులైంది. బ్రేకు కట్టలు అరిగితే మార్చేయండి, బరువు పెరిగాక బండి ఆగడానికి ఎక్కువ దూరం కావాలి.

సముద్రపు గాలికి వెల్డింగ్ త్వరగా తుప్పు పడుతుంది. రెడాక్సైడ్ పూసి, ఆరాక రంగు వేయండి.

బస్తాలు సీటుకు ఆనించి, వీలైనంత కిందకు, రెండు వైపులా సమానంగా వేలాడదీసి ట్యూబు ముక్కతో గట్టిగా కట్టండి. ఇరుసు దాటి వెనక్కి పోతే ముందు చక్రం తేలికై హ్యాండిల్ ఆడుతుంది. మా చిన్నాన్నకు ఇదంతా చేయించాం. మొన్న ఒక్క బస్తాతో మొదలుపెట్టారు. రాగానే నట్లు మళ్లీ బిగించాం, కుడివైపుది పావు చుట్టు తిరిగింది. మీరూ మొదటి రెండు ట్రిప్పుల తర్వాత స్పానర్ పట్టి చూడండి.