అఆలు రాని పిల్లలకి ఏ గేమ్ పెట్టాలి? విశాఖ స్టూడియోలో ఒక చర్చ

(రికార్డు విని రాసింది. అందరూ ఒకేసారి మాట్లాడిన చోట ఎవరి గొంతు పెద్దదైతే వాళ్ల మాటే మిగిలింది.)

యాంకర్: నమస్కారం. ఇవాళ్టి విషయం చిన్నదే గానీ చాలా ఇళ్లలో రోజూ గొడవయ్యేది. మూడేళ్లు, నాలుగేళ్ల పిల్లలు, ఇంకా అఆలు దిద్దుతున్నవాళ్లు, వాళ్లకి ఫోన్లోనో ట్యాబ్‌లోనో ఏ వీడియో గేమ్ పెట్టాలి అని. అసలు పెట్టొద్దు అనే సలహా పక్కింటివాళ్లు ఉచితంగానే ఇస్తారు కాబట్టి దానికి మా స్టూడియో దాకా రానక్కర్లేదు. మనతో పిల్లల డాక్టరు గారు ఉన్నారు, గాజువాక నుంచి అంగన్‌వాడీ టీచర్ గారు, ఋషికొండలో గేములు తయారుచేసే ఒక డిజైనర్, ఇంకా స్టీల్ ప్లాంట్‌లో రిటైరై ఇప్పుడు మనవడి డ్యూటీ చేస్తున్న తాతగారు. తాతగారూ, మీతోనే మొదలుపెడదాం.

తాతగారు: డ్యూటీ అన్నారు చూశారా, అదే నిజం. కొడుకూ కోడలూ ఆఫీసుకెళ్తే ఆ గుంటడు నా దగ్గరే. నాలుగున్నరేళ్లు. స్టోర్‌లో ఒక గేమ్ కింద 3+ అని ఉంది, వీడికి నాలుగు దాటింది, ఇంకేటి కావాలండీ అనుకుని వేసేశాను. ఇక చూడండి, రెండు నిమిషాలకోసారి "తాతా, ఇది రావట్లేదు". ఏదో ఇంగ్లీషులో రాసుంటుంది, నేను కళ్లజోడు వెతుక్కుని వచ్చేసరికి అది పోయి ఇంకోటి వస్తుంది. వాడికి తెలిసిందల్లా ఎక్కడ మెరిస్తే అక్కడ నొక్కడం. అలా నొక్కి నొక్కి నెలనెలా డబ్బు కట్టే స్కీమ్‌కి కూడా ఒప్పేసుకున్నాడు. 299 రూపాయలు. బ్యాంకు మెసేజ్ చూసి మా ఆవిడ నన్ను అడిగింది, వాణ్ణి కాదు.

(నవ్వులు)

డిజైనర్: అంకుల్, అందరూ అక్కడే పొరబడతారు. 3+ అంటే మూడేళ్ల పిల్లాడు ఆడగలడని కాదు. అందులో రక్తం లేదు, బూతు లేదు, భయపెట్టేది లేదు అని, అంతే. సినిమాకి యూ సర్టిఫికెట్ ఇస్తే పిల్లాడికి కథ అర్థమవుతుందని కాదు కదా, చూస్తే తప్పులేదని. ఫోన్లో చదరంగానికి కూడా 3+ వస్తుంది. కష్టమా తేలికా, చదవాలా వద్దా అనేది ఆ అంకెలో ఎక్కడా ఉండదు.

యాంకర్: మరి చదవకుండా ఆడొచ్చో లేదో వేసుకోకముందే ఎలా తెలుస్తుంది?

డిజైనర్: ముందు తెలియదు, వేసుకున్నాకే. నేను ఇంట్లో చేసేది చెప్తాను. గేమ్ సెట్టింగ్స్‌లో భాష మార్చే వీలుంటే జపనీస్ పెట్టేసి, పాపకి ఇవ్వకముందు నేనే ఓ ఐదు నిమిషాలు ఆడతాను. అప్పుడు నేనూ నిరక్షరాస్యుణ్ణే. ఎక్కడ నొక్కాలో బొమ్మ చూసి తెలిస్తే సరే, ఎక్కడైనా ఆగిపోతే పాప కూడా సరిగ్గా అక్కడే ఆగిపోతుంది. ఒక్క మాట, మార్చాల్సింది గేమ్ భాష, ఫోన్ భాష కాదు.

టీచర్: సార్, రాతే కాదు, మాట సంగతి కూడా చూడాలి. గేములో గొంతు వస్తోంది కాబట్టి చదవక్కర్లేదు అనుకుంటారు. ఆ గొంతు "ట్యాప్ ద ఎల్లో బెలూన్" అంటుంది. మా సెంటర్ పిల్లకి పసుప్పచ్చ బుడగ బ్రహ్మాండంగా తెలుసు, ఎల్లో తెలియదు. మొన్న ఒక తల్లి వచ్చి మా పాప తప్పులే నొక్కుతోంది, రంగులు రావట్లేదేమో అని టెన్షన్ పడింది. ఆవిడ ముందే పాపని అడిగాను, నీ గౌను ఏ రంగమ్మా అని. ఠక్కున చెప్పింది. రంగులు రాకపోవడం కాదు, ఆ గేమ్ అడిగే భాష రాదు. తెర మీద ఎర్ర గుర్తు వేసి ఢమ్మని చప్పుడు చేస్తుంటే పిల్లకి తనే మొద్దేమో అనిపిస్తుంది.

డాక్టర్: ఇది నేనూ చూస్తాను. ఇక టైమ్ గురించి ఎలాగూ అడుగుతారు కాబట్టి చెప్పేస్తాను. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది, మన ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ చెప్పేదీ దాదాపు అదే. రెండేళ్లలోపు తెర వద్దు, ఊళ్లో ఉన్న అమ్మమ్మతో వీడియో కాల్ లాంటిది తప్ప. రెండు నుంచి ఐదేళ్ల వరకు రోజుకి గంట దాటకూడదు. గంట ఆడించాలని కాదండీ, దాటకూడదని. కార్టూన్లు, గేములు, అన్నం తినిపించేటప్పుడు పెట్టే పాటలు, అన్నీ కలిపి ఆ గంటలోనే.

తాతగారు: అన్నం దగ్గర పెట్టకపోతే వీడు నోరు తెరవడు డాక్టరు గారూ.

డాక్టర్: తెరుస్తాడు, కొంచెం ఆలస్యంగా. సాయంత్రం మాత్రం బయటికి తీసుకెళ్లండి. పగటి వెలుగులో ఆడే పిల్లలకి దూరం చూపు మందగించే ప్రమాదం తక్కువ.

తాతగారు: అది తప్పదండీ, వెళ్తాం. ఆర్కే బీచ్‌లో సబ్‌మెరైన్ చూపించాలి, మురీ మిక్చర్ కొనాలి, లేకపోతే ఇంటికి రాడు.

యాంకర్: సరే, పేర్లు చెప్పండి. ప్రేక్షకులు అడిగేది అదే.

డిజైనర్: టోకా కిచెన్ 2. టోకా బోకా అని స్వీడన్ కంపెనీది. ఫ్రిజ్ తెరిచి ఏదో ఒకటి తీసి కోయొచ్చు, వేయించొచ్చు, జ్యూస్ చేయొచ్చు, తీసుకెళ్లి అక్కడ కూర్చున్న మనిషికి పెట్టడం. అంతే గేమ్. పాయింట్లు లేవు, గడియారం లేదు, ఓడిపోవడం లేదు, చదవాల్సిన ముక్క లేదు. మా పాప విశాఖ పిల్ల కదా, నేరుగా చేపనే తీసింది. తీసి మిక్సీలో వేసింది. ఆ జ్యూసు తెచ్చి పెడితే వాడు మొహం వికారంగా పెట్టాడు, ఇది సోఫా మీంచి కింద పడేంత నవ్వింది. తర్వాత తనంతట తనే అదే చేపని పెనం మీద పెట్టి, నల్లగా మాడ్చి, మళ్లీ పెట్టి, మొహం వైపు చూస్తూ కూర్చుంది. నేను ఒక్క మాట చెప్పలేదు. ఇలా చేస్తే ఏమవుతుంది అని పిల్లే తిప్పలు పడాలి, నాకు కావాల్సింది అది. అయితే అదే కంపెనీది ఇంకో పెద్ద గేమ్ ఉంది, అందులో ఇళ్లూ ఫర్నిచరూ అమ్ముతారు, అది ఈ వయసుకి వద్దు. ఖాన్ అకాడమీ కిడ్స్ ఉచితం, ప్రకటనలు ఉండవు, కానీ టీచర్ గారు చెప్పినట్టు మాటలు ఇంగ్లీషువి, పక్కన కూర్చుని తెలుగులో చెప్పాలి.

యాంకర్: టీవీకి పెట్టుకునేవి?

డిజైనర్: ఖరీదు ఎక్కువ, అందరిళ్లలో ఉండవు. ఉన్నవాళ్లకి మాత్రం మారియో కార్ట్ 8 డీలక్స్. 2017లో నింటెండో స్విచ్ అని, టీవీకి తగిలించి ఆడే గేమ్ పెట్టెకి వచ్చింది. అందులో రెండు సౌకర్యాలున్నాయి, ఒకటి పెడితే బండి దానంతటదే ముందుకు పోతుంది, ఇంకోటి పెడితే రోడ్డు దాటి పడిపోదు. నాలుగేళ్ల పిల్లాడు కంట్రోలర్ తలకిందులుగా పట్టుకున్నా ఆఖరి గీత దాటుతాడు. పైగా ఒకే టీవీ మీద నలుగురు ఆడొచ్చు, అక్కతో సహా.

యాంకర్: మాటలు అసలు లేని గేములన్నీ ఈ వయసుకి పనికొస్తాయన్నమాట.

డిజైనర్: అలా కాదండీ. మషినారియం అని 2009లో చెక్ దేశం వాళ్లు చేశారు, చాలా అందంగా ఉంటుంది. ఒక రోబో, మాటల బదులు బుడగల్లో బొమ్మలు. చదవాల్సిందేమీ లేదనే చెప్పాలి, కానీ ఆ చిక్కుముళ్లు నన్నే రాత్రి రెండింటిదాకా కూర్చోబెట్టాయి. పిల్లాడు దాన్ని చూసి ఆనందిస్తాడు, ఆడలేడు.

డాక్టర్: మీరు చెప్పనిది ఒకటి నేను అడుగుతాను. పిల్లలు ఫోన్ కింద పెట్టకుండా చేసేది కూడా మీరే కదా?

డిజైనర్: (కాసేపు ఆగి) అవునండీ, ఒప్పుకుంటాను. రోజూ వస్తే ఒక పెట్టె తెరవనిస్తారు, రాకపోతే లోపలున్న కుక్కపిల్ల ఏడుస్తుంది. మనకి అది జిమ్మిక్కని తెలుసు. ఈ వయసు పిల్లకి ఆ కుక్కపిల్ల నిజంగా ఏడుస్తోంది. అలాంటిది కనబడితే ఇంకేమీ చూడక్కర్లేదు, తీసేయండి. రెండోది, ఆట ఎక్కడో ఒకచోట అయిపోవాలి. మారియోలో రేసు రెండు మూడు నిమిషాల్లో అయిపోతుంది, ఇంకొక్కటి ఆడి ఆపుదాం అంటే పిల్లాడికి అర్థమవుతుంది. అంతం లేని పరుగు గేముల్లో మీరు ఎప్పుడు ఆపినా అది మధ్యలోనే. అందుకే ఆ ఏడుపు.

యాంకర్: గోపాలపట్నం నుంచి ఒక అమ్మ లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

ఫోన్‌లో తల్లి: మా బాబు రంగులు వేసే గేమ్ ఆడుతుంటే మధ్యలో ఏవేవో ప్రకటనలు వస్తున్నాయండి. వాడికి ఇంటూ గుర్తు ఎక్కడుందో తెలియదు, నాకే కనబడదు ఒక్కోసారి. వంటింట్లోంచి ఎన్నిసార్లని పరిగెత్తను?

డిజైనర్: పరిగెత్తొద్దు. గేమ్ తెరవకముందే ఏరోప్లేన్ మోడ్ పెట్టండి, నెట్ లేకపోతే చాలావరకు ప్రకటనలు రావు. నెట్ లేకుండా తెరుచుకోనే తెరుచుకోదంటే అది మీకు అక్కర్లేని గేమ్. తర్వాత ఆండ్రాయిడ్ అయితే యాప్ పిన్నింగ్, ఐఫోన్ అయితే గైడెడ్ యాక్సెస్ పెట్టండి, బాబు ఆ గేమ్ దాటి వాట్సాప్‌లోకి పోకుండా ఉంటుంది. ప్లే స్టోర్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ అడిగేలా పెట్టండి. అంకుల్, ఇది మీకు కూడా.

యాంకర్: పిల్లలకి ప్రకటనలు వేయకూడదని చట్టం ఏదో ఉంది కదా?

డిజైనర్: 2023 డేటా రక్షణ చట్టంలో ఉంది, పిల్లల్ని గురిపెట్టి ప్రకటనలు వేయకూడదని. కానీ తాతగారి ఫోన్లో మనవడు ఆడుతుంటే ఆ ఫోన్ లెక్కలో ఆడేది అరవై దాటిన మనిషి. అలాంటి మనిషికి ఏం చూపించాలో అదే చూపిస్తుంది.

తాతగారు: అందుకా, రంగులేసే గేములో మోకాళ్ల నూనె వస్తోంది!

(నవ్వులు, కాసేపు ఎవరి మాటా వినబడలేదు)

టీచర్: ఒక్క నిమిషం, నాదొకటుంది. మా సెంటర్‌లో వామనగుంటల పీట ఉంది. ఆ ఆట రూల్సు ఎవరైనా చదివి నేర్చుకున్నారా? అమ్మమ్మ పక్కన కూర్చుని, ఆవిడ గింజలు పంచుతుంటే చూసి నేర్చుకున్నాం. ఫోన్ గేమ్ కూడా అలాగే ఇవ్వొచ్చు కదా? మొదటి రెండు రోజులు మీరు ఆడండి, పిల్ల చూస్తుంది. తర్వాత పిల్ల ఆడుతుంది, మీరు చూస్తారు.

తాతగారు: నిజమేనమ్మా. బ్లాస్ట్ ఫర్నేస్ కంట్రోల్ రూమ్‌లో ఇరవై ఏళ్లు చేశాను, ఏ దీపం వెలిగితే ఏం చేయాలో పక్కవాడు చూపిస్తేనే నేర్చుకున్నాను, పుస్తకం తర్వాతెప్పుడో ఇచ్చారు. మరి ఆ గుంటడికి ఫోన్ చేతికిచ్చేసి నేను పేపరు చదువుకుంటున్నాను.

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది. డాక్టరు గారూ, చివరిగా...

తాతగారు: బాబూ, ఆగండాగండి. ఇందాక నువ్వు జపనీస్ అన్నావు కదా, చూద్దామని నొక్కాను. ఫోనంతా అదే అయిపోయింది.

డిజైనర్: గేమ్ భాష మార్చమన్నాను అంకుల్, ఫోన్‌ది కాదు!

తాతగారు: ఏమో, మెరుస్తోంటే నొక్కాను. ఇప్పుడెలా?

డిజైనర్: ఇలా ఇవ్వండి... కాదు, మీరే చేయండి. పళ్లచక్రం బొమ్మ ఉంటుంది చూడండి, సెట్టింగ్స్.

తాతగారు: దొరికింది.

డిజైనర్: ఇప్పుడు కిందకి జరపండి. భూగోళం బొమ్మ గానీ, అక్షరం గీసిన బొమ్మ గానీ కనబడుతుందేమో...

తాతగారు: గుండ్రంగా ఒకటుంది. నొక్కనా?

యాంకర్: నొక్కండి తాతగారూ, ప్రోగ్రాం అయ్యేలోపు.