15 సెకన్ల గీత

శ్రోతలకు నమస్కారం.

మీ ఇంట్లో ఆవకాయ జాడీ ఉందా? పైన గోధుమరంగు, కింద లేత పసుపు తెలుపు, నున్నగా మెరుస్తూ ఉంటుంది చూడండి, అదే. మనం దాన్ని పింగాణీ జాడీ అంటాం గానీ నిజానికి అది స్టోన్‌వేర్. నీళ్ల కుండ చెమరుస్తుంది, అందుకే నీళ్లు చల్లబడతాయి. జాడీ చెమర్చదు. దాని మట్టిని 1200 డిగ్రీలు దాటిన వేడిలో కాలుస్తారు. ఆ వేడికి మట్టిలో కొంత కరిగి, చల్లారాక రాయిలా బిగుసుకుంటుంది. ఇక ఉప్పూ నూనే అందులోకి ఇంకవు.

ఇదే రకం మట్టిని సారె మీద చేత్తో మలిచి, గీతలతో బొమ్మలతో అలంకరించే కళాకారులు చాలామంది ఉన్నారు. ఈ కాస్త సమయంలో నాకు బాగా ఇష్టమైన ఒక్కరి గురించే చెబుతాను. ఆయన జపాన్‌కు చెందిన షోజి హమదా.

1894లో పుట్టారు. 1920లో మిత్రుడు, ఇంగ్లిష్ కుమ్మరి బెర్నార్డ్ లీచ్‌తో ఇంగ్లండ్ వెళ్లి, సెయింట్ ఐవ్స్ అనే ఊళ్లో బట్టీ కట్టడంలో తోడ్పడ్డారు. తిరిగొచ్చాక టోక్యో మహానగరంలో మకాం పెట్టలేదు. మషికో అనే పల్లె చేరారు. వంటింటి జాడీలూ రుబ్బుడు పాత్రలూ చేసుకునే కుమ్మరుల ఊరది. అక్కడి మట్టే తీసుకున్నారు, అక్కడి రాతిపొడే తీసుకున్నారు. వరి ఊక కాల్చిన బూడిదతో కూడా గ్లేజు, అంటే కాల్చాక గాజులా మెరిసే పూత, కలిపేవారు. ఊక బూడిద! మన ఊళ్లలో గిన్నెలు తోమిన బూడిద.

ఇక ఆయన పని చూడండి. పెద్ద పళ్లెం ముందు నిలబడి, గరిటెతో గ్లేజు తీసి, ఒక్క ఊపులో ఇటునుంచి అటు ధార వదిలేవారు. అంతే. దిద్దడం లేదు, చెరపడం లేదు. ఒకసారి చూడవచ్చినవాళ్లెవరో అడిగారట, ఇంత పెద్ద పళ్లేనికి 15 సెకన్ల పనేనా అని. 15 సెకన్లు, దానికి 60 ఏళ్లు కలుపుకోండి అన్నారు హమదా.

ఈ మాట విన్నప్పుడల్లా నాకు మా అమ్మమ్మ ముగ్గు గుర్తొస్తుంది. చిటికెడు పిండి తీసుకుని వంగిందంటే గీత ఎక్కడా ఆగేది కాదు, ఎక్కడా వణికేది కాదు. ఎన్ని వేల పొద్దులు ఉన్నాయో ఆ చేతిలో!

హమదా కూడా అలాగే, వేసిందే వేసేవారు. ఒకినావా దీవిలో చూసిన చెరకు గడను నాలుగు కుంచె గీతల్లోకి తెచ్చుకుని, ఆ ఒక్క బొమ్మనే కొన్ని దశాబ్దాలు వేశారు. అదే చెరకు, అదే కుంచె, మళ్లీ అదే చెరకు. విసుగు లేదు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయన్ని సజీవ జాతీయ సంపదగా గుర్తించింది. అయినా మషికోలో చేసిన పాత్రల మీద ఆయన సంతకం పెట్టలేదు. నాకు ఆయన మీద గౌరవం పెరిగింది అక్కడే.

మీరు ఎప్పుడైనా చేతితో చేసిన స్టోన్‌వేర్ కొనాలనుకుంటే ఒక్క పని చేయండి. ముందు తిరగేసి అడుగు చూడండి. బట్టీలో పలకకు అతుక్కుపోకుండా అడుగు అంచుకు గ్లేజు పూయరు. అసలు మట్టి అక్కడే బయటపడుతుంది. వేలితో తడిమి చూడండి. గరుకుగా ఉంటే మీ బల్లను గీస్తుంది. ఇంటికి తెచ్చాక నీళ్లు నింపి, పాత న్యూస్‌పేపర్ మీద రాత్రంతా ఉంచండి. పొద్దున కాగితం పొడిగా ఉంటే ధైర్యంగా వాడుకోండి. తడి మరక కనిపిస్తే మాత్రం దాన్ని అలమరలో అందంగా పెట్టుకోండి, ఊరగాయ పెట్టకండి.

నమస్కారం.