స్టాక్‌ఫిష్ కోసం ల్యాప్‌టాప్ కొంటున్నారా? ప్రాసెసర్ ఇలా చూసుకోండి

నమస్తే అండీ. చెస్ ఎత్తులు లెక్కకట్టే ఇంజిన్ స్టాక్‌ఫిష్ గట్టిగా నడవాలంటే ల్యాప్‌టాప్‌లో ఏ ప్రాసెసర్ ఉండాలి, ఈ వీడియోలో అదే చూద్దాం. లీలా అనే ఇంకో చెస్ ఇంజిన్ వాడేవాళ్లకి మాత్రం లెక్క వేరండీ. దానికి ఎన్‌విడియా గ్రాఫిక్స్ కార్డే ప్రాణం, డబ్బులు అక్కడ పెట్టండి. స్టాక్‌ఫిష్‌కి గ్రాఫిక్స్ కార్డుతో పనే లేదు, మొత్తం సీపీయూ మీదే నడుస్తుంది.

సరే, స్క్రీన్ చూడండి. ఇక్కడ ఎన్‌పీఎస్ అని కనిపిస్తోంది కదా, సెకనుకి ఎన్ని నోడ్లు, అంటే ఎన్ని బోర్డు స్థితులు వెతుకుతోందో ఆ అంకె. మనం డబ్బు పెట్టేది దీనికే. 6 కోర్లు ఉంటే పని జరుగుతుంది, 8 ఉంటే హాయి. ర్యామ్ 16 జీబీ తీసుకోండి, హ్యాష్‌కి, అంటే ఇంజిన్ చూసిన స్థితులు గుర్తుంచుకునే మెమరీకి, 4 జీబీ ఇచ్చినా ఇబ్బంది ఉండదు. టేబుల్‌బేస్ అంటే బోర్డు మీద కొన్ని పావులే మిగిలినప్పుడు ఫలితం ముందే లెక్కకట్టి ఉంచిన ఫైళ్లు. 5 పావుల దాకా టేబుల్‌బేస్‌కి దాదాపు 1 జీబీ చాలు, 6 పావులవి కూడా కావాలంటే ఎస్‌ఎస్‌డీలో 150 జీబీ ఖాళీ ఉంచుకోవాలి. ఇది తేలికే, ముందుకెళ్దాం.

ఇప్పుడు పేర్లు. ఏఎండీతో మొదలుపెడదాం. ఇవి చూడండి: రైజెన్ 5 7520యూ, 7530యూ, 7640హెచ్ఎస్. మూడూ 7 తోనే మొదలవుతున్నాయి, కానీ మూడూ ఒక తరానివి కావు. ఈ 7000 సిరీస్‌లో మూడో అంకె చూడాలి. జెన్ అంటే ఏఎండీ చిప్ డిజైన్ తరం పేరు. అక్కడ 2 ఉంటే జెన్ 2, 3 ఉంటే జెన్ 3, 4 ఉంటే జెన్ 4. అంటే 7520యూ పాత జెన్ 2 చిప్పే, పైగా 4 కోర్లే. 5000 సిరీస్‌లో ఈ సూత్రం పనిచేయదు. అక్కడ 5500యూ, 5700యూ జెన్ 2. 5600యూ, 5800హెచ్ జెన్ 3. ఇవి గుర్తుపెట్టుకోవాల్సిందే, వేరే దారి లేదు.

ఇంత పట్టింపు ఎందుకంటే, స్టాక్‌ఫిష్ డౌన్‌లోడ్ పేజీలో, చిప్‌కి వచ్చిన ఇన్‌స్ట్రక్షన్లను బట్టి బీఎంఐ2, ఏవీఎక్స్2 అని వేర్వేరు ఫైళ్లు ఉంటాయి. బీఎంఐ2 ఫైల్ వాడే పెక్స్ట్ అనే ఇన్‌స్ట్రక్షన్ జెన్ 2 లో బాగా నెమ్మది. ఆ చిప్ ఉన్నవాళ్లు ఏవీఎక్స్2 ఫైలే వాడండి. జెన్ 4 కి ఏవీఎక్స్512 కూడా ఉంది, స్టాక్‌ఫిష్ స్థితిని అంచనా వేసే న్యూరల్ నెట్‌వర్క్ లెక్కలకి అది కలిసొస్తుంది. ఫైల్ తెరవగానే మూసుకుపోతోందా? మీ చిప్‌కి చేతకాని ఫైల్ తెచ్చుకున్నారేమో చూసుకోండి.

ఇంటెల్. ఐ5 1235యూలో 10 కోర్లు, 12450హెచ్‌లో 8. అంకె చూసి 10 తీసుకోకండి. 1235యూలో వేగమైన పెద్ద కోర్లు 2 మాత్రమే, మిగతా 8 నెమ్మదైన చిన్నవి. 12450హెచ్‌లో పెద్దవి 4. పైగా యూ చిప్ 15 వాట్లకి, హెచ్ చిప్ 45 వాట్లకి చేసినవి. గంటసేపు అనాలిసిస్ నడపాలంటే నేనైతే హెచ్ వైపే మొగ్గుతాను.

ఇప్పుడు అసలు సంగతి. ఇక్కడ తొందరపడొద్దు. ఒకే ప్రాసెసర్ రెండు వేర్వేరు మోడళ్లలో ఒకేలా నడవదు. మొదటి నిమిషం అన్నీ వేగంగానే ఉంటాయి. తర్వాత వేడెక్కి తగ్గిపోతాయి. అందుకే షాపుకి వెళ్లేటప్పుడు స్టాక్‌ఫిష్ పెన్‌డ్రైవ్‌లో వేసుకెళ్లండి. ఒక్క ఫైలే, ఇన్‌స్టాల్ అక్కర్లేదు.

ఛార్జర్ పెట్టండి, బ్యాటరీ మీద అంకె తగ్గిపోతుంది. విండోస్ పవర్ మోడ్ బెస్ట్ పెర్ఫార్మెన్స్. ఇప్పుడు ఫైల్ తెరిచి, స్క్రీన్ మీద ఉన్నట్టే టైప్ చేయండి. థ్రెడ్స్, అంటే చిప్ ఒకేసారి నడిపే పనుల లెక్క, 16, మీ చిప్‌కి 12 ఉంటే 12. హ్యాష్ 2048. ఇవి పెట్టకపోతే థ్రెడ్స్ 1, హ్యాష్ 16 ఎంబీతోనే నడుస్తుంది, అప్పుడొచ్చే అంకె దేనికీ పనికిరాదు. చాలామంది వేగం కొలవడానికి ఉత్త బెంచ్ అనే కమాండ్ కొట్టి పోల్చుకుంటారు, అదీ ఒక్క థ్రెడ్ లెక్కే.

తర్వాత గో ఇన్ఫినిట్ అని కొట్టండి, ఆపమనేదాకా వెతుకుతూనే ఉంటుంది. 30 సెకన్లకి ఎన్‌పీఎస్ రాసుకోండి. 10 నిమిషాలు వదిలేయండి. విండో మినిమైజ్ చేయొద్దు, ఇంటెల్‌లో విండోస్ దాన్ని కొన్నిసార్లు చిన్న కోర్ల మీదకి తోసేస్తుంది.

10 నిమిషాలయ్యాక ఎన్‌పీఎస్ కొంచెమే తగ్గినట్టు కనిపిస్తుంది. దాన్ని నమ్మకండి! అది మొదలుపెట్టినప్పటి నుంచి వచ్చిన సగటు. మొదట్లో ఉన్న జోరు అందులో ఇంకా కలిసే ఉంది. అందుకని స్టాప్ కొట్టండి, వెంటనే కొత్త ఆట మొదలుపెట్టే యూసీఐ న్యూగేమ్ కమాండ్, మళ్లీ గో ఇన్ఫినిట్. ఆలస్యం చేస్తే చల్లబడిపోతుంది. మళ్లీ 30 సెకన్లకి వచ్చిన అంకె చూడండి, అదీ వేడి మీద అసలు వేగం. మొదటి అంకెలో మూడోవంతు కంటే ఎక్కువ పడిపోతే ఆ మోడల్ నేను తీసుకోను.

మాక్‌బుక్ అడిగేవాళ్లు ఉంటారు. యాపిల్ చిప్‌లకి వేరే ఫైల్ ఉంది, బాగా నడుస్తుంది. కానీ ఎయిర్‌లో ఫ్యాన్ లేదు, ప్రో చూడండి. ఆటలు దాచుకుని విశ్లేషించే చెస్‌బేస్ వాడేవాళ్లైతే అది విండోస్ సాఫ్ట్‌వేర్ అన్నది మరచిపోకండి. నాకైతే అలాంటిదే ఎన్ క్రొయిసాంట్ ఇష్టం, ఉచితం, విండోస్, మాక్, లైనక్స్ మూడింటి మీదా నడుస్తుంది.

షాపులో పరీక్షకి ఒప్పుకోకపోతే, వాపసు గడువు ఎన్ని రోజులో బిల్లు మీద రాయించుకుని, ఇంటికెళ్లిన రోజే ఈ పరీక్ష చేయండి.